చుట్టూ ఉన్నవారు ఎందుకు చెదరిపోతారు?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

గౌరవనీయులైన సోదరులారా! మన రహమత్ నగర్ పేరులోనే కారుణ్యం ఉంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని ఇక్కడి నుండి బయలుదేరేవారిలో కొందరు కృష్ణానగర్‌లో షూటింగు బండి కోసం నిలబడతారు. మరికొందరు జూబ్లీహిల్స్ బంగళాలలో డ్రైవర్లు, ఫిల్మ్ నగర్ కార్యాలయాలలో ఆఫీసు బాయ్‌లు, సెట్లు వేసే వడ్రంగులు, దుస్తులు కుట్టే కారిగర్లు. వారు మా వద్దకు వచ్చి చెప్పుకొనే బాధ దాదాపు ఒకే తీరున ఉంటుంది. ఆరుగురు పనిచేసే చోట ఏడాదిలో నలుగురు వెళ్లిపోయారు. కొత్తగా చేరినవాడు నెల తిరగకముందే మానేశాడు. వెళ్లినవారి పని అంతా మిగిలినవారి నెత్తిన పడింది. యజమాని నోరు మాత్రం మారలేదు. మేము ఉండాలా, వెళ్లాలా అని వారు అడుగుతారు.

ఇది లౌకిక విషయం, మస్జిద్‌లో చర్చించేది కాదని ఎవరైనా అనుకుంటే, వారు ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ వాక్యాన్ని ఒకసారి మనసు పెట్టి చదవాలి. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధం జరిగింది. కొండ మీద నిలిపిన విలుకాండ్రలో అత్యధికులు ఆజ్ఞను మరచి చోటు వదిలారు. ఫలితంగా డెబ్బై మంది వీరమరణం పొందారు. స్వయంగా దైవప్రవక్త (స) గాయపడ్డారు. లోకంలో ఏ నాయకునికైనా మండిపడే హక్కు ఉన్న క్షణమంటూ ఒకటి ఉంటే, అది అదే. ఆ సందర్భంలో అల్లాహ్ తన ప్రవక్త మృదుత్వాన్ని తన కారుణ్య ఫలమని పేర్కొన్నాడు. ఆయనే గనక కటువుగా, కఠిన హృదయంతో ఉండి ఉంటే వారంతా ఆయన చుట్టుపక్కల నుండి చెదరిపోయి ఉండేవారని తెలియజేశాడు. వారిని మన్నించమని, వారి కోసం క్షమాభిక్ష వేడమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని ఆదేశించాడు. తప్పు చేసినవారినే సంప్రదించమనడం గమనార్హం. ఊరు దాటి వెళ్లి పోరాడాలన్న నిర్ణయం కూడా సంప్రదింపులోనే జరిగింది. పర్యవసానం చేదుగా ఉన్నా సంప్రదింపు రద్దు కాలేదు.

అల్లాహ్ ప్రవక్త చుట్టూ ఉన్నవారే కాఠిన్యానికి చెదరిపోయేవారైతే, మన దుకాణంలోని ఇద్దరు కుర్రవాళ్లు ఏపాటి?

ఈ వరుసలలో యజమానులు కూడా ఉన్నారు. ఈ కాలంలో పనివాళ్లు నిలబడటం లేదని వారు వాపోతుంటారు. హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్లపాటు దైవప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్లలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఎందుకిలా చేశావని గానీ ఎందుకు చేయలేదని గానీ నిలదీయలేదని ఆయనే చెప్పారు. పదేళ్లు పనివాడు నిలబడ్డ చోటు అలా ఉండేది.

ఇక మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం చూడండి. ఫిరౌను రాజ్యం నుండి ప్రాణభయంతో మద్యన్ చేరిన ఆయనకు ఒక వృద్ధుడు పని ఇచ్చాడు. గడువు ఎనిమిదేళ్లు, పది పూర్తి చేస్తే అది నీ మంచితనం, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదు అన్న షరతులు ముందే తేటతెల్లమయ్యాయి. ఆ రెండింటిలో మూసా (అ) ఎక్కువ గడువునే పూర్తి చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. దౌర్జన్యపరుని దగ్గర నుండి వెళ్లిపోయినవారూ, మంచివాని దగ్గర గడువుకు మించి ఉన్నవారూ ఒకే ప్రవక్త.

కనుక సోదరులారా, అవమానించే చోటును విడిచిపెట్టడం కృతఘ్నత కాదు. ఉపాధి ప్రదాత అల్లాహ్, యజమాని కాడు. అయితే ఇచ్చిన మాట మేరకు ముందుగా తెలియజేసి, లెక్క అప్పజెప్పి, తాళం చేతికిచ్చి వెళ్లాలి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మోసేవారు మరో పని కుదిరే వరకు ఓర్చుకోవడం పిరికితనం కాదు, వివేకం. కానీ ఓర్పు అంటే నోరు మూసుకోవడం అని మేము ఒప్పుకోము. శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే తామూ చేయి వేయాలని యజమానులను దైవప్రవక్త (స) ఆదేశించారు. నలుగురి పని ఇద్దరిపై పడినప్పుడు ఆ ఇద్దరూ కలిసి వెళ్లి, చేయగలిగింది ఇంత అని మర్యాదగా చెప్పాలి. ఒంటరిగా చెప్పినవాడు తిట్లు తింటాడు. కలిసి చెబితే కొంతైనా వింటారు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ పని ఆపారు. రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచాయి. చివరకు ప్రభుత్వ మధ్యవర్తిత్వంలో మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంపుకు ఒప్పందం కుదిరింది. అడిగినంతా రాలేదు, అడగకపోతే అదీ వచ్చేది కాదు.

వెళ్లిపోయినవాని చివరి జీతాన్ని పట్టి ఉంచే అలవాటు కొందరిలో ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతన స్మృతి ప్రకారం పని మానినవానికి రెండు పనిదినాలలో బకాయి చెల్లించాలి. మనకైతే అంతకు ముందే ఆజ్ఞ ఉంది: కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలి. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడు.

ఒక సందేహం తరచు వస్తుంది. కొత్తగా చేరబోయేవాడు వచ్చి, అక్కడి సేఠ్ ఎలాంటివాడని అడిగితే నిజం చెప్పడం పరోక్ష నిందేనా? ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను అడిగినవారిని గురించి సలహా కోరినప్పుడు దైవప్రవక్త (స) ఒకరి పేదరికాన్ని, మరొకరి కాఠిన్యాన్ని దాచకుండా చెప్పారు. సలహా అడిగినవానికి అవసరమైనంత నిజం చెప్పడం ధర్మసమ్మతమని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. అవసరమైనంతే! టీ కొట్టు దగ్గర గంటసేపు ఆ యజమాని ఇంటి గుట్టు విప్పడం ఇందులోకి రాదు.

మరో సంగతి చెప్పడానికి మాకు కొంత జంకుగా ఉంది. పగలంతా తిట్లు తిన్నవాడు సాయంత్రం ఎవరిని తిడుతున్నాడు? తన కింద ఉన్న హెల్పరును, ఇంట్లో భార్యను, హోంవర్కు చేయని పిల్లవాణ్ణి. అబూ మస్‌ఊద్ (రజి) ఒకసారి తన బానిసను కొరడాతో కొడుతుండగా వెనుక నుండి ఒక స్వరం వినిపించింది. కోపంలో మొదట పోల్చుకోలేకపోయారు. ఆ వచ్చినవారు దైవప్రవక్త (స). ఈ బాలునిపై నీకున్న అధికారం కంటే నీపై అల్లాహ్‌కు ఎక్కువ అధికారం ఉందని ఆయన హెచ్చరించారు. అబూ మస్‌ఊద్ (రజి) ఆ బానిసను అక్కడికక్కడే విముక్తుణ్ణి చేశారు.

ఓ అల్లాహ్! ఈ బస్తీలో పని కోల్పోయినవారికి ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించు. పని ఇచ్చేవారి నాలుకలను మృదువుగా చేయి. ఆమీన్.

నమాజు తరువాత మేము వుజూ ఖానా పక్కన కాసేపు కూర్చుంటాము. పని మానేసి ఆ మాట ఇంట్లో చెప్పలేకపోతున్నవారు, పనివారి కోసం వెతుకుతున్నవారు, ఉభయులూ అక్కడికి రావలసిందిగా కోరుతున్నాము.