చిన్న రింగు - పెద్ద కాపలా
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను ఈఎంఈలో పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. నాకు తెలిసిన పని గురించే చెప్తాను. అది ఓ-రింగు. గాజులాగా గుండ్రంగా ఉండే రబ్బరు ముక్క. జాకీ, పంపు, హైడ్రాలిక్ ప్రెస్సు - నూనెకో గాలికో ఒత్తిడి ఉన్న చోటల్లా ఇది సెంట్రీ డ్యూటీ చేస్తుంది. మనవాళ్ళు చాలామంది రిటైరయ్యాక ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు కనుక ఈ నాలుగు మాటలు పనికొస్తాయి.

రింగు పనిచేయాలంటే గాడిలో కొంచెం నలగాలి. ఉదాహరణకు 3.53 మి.మీ. మందం రింగుకు, కదలని జాయింటులో గాడి లోతు 2.8 మి.మీ. ఉంటే, రింగు సుమారు ఐదో వంతు నలుగుతుంది. అటూ ఇటూ కదిలే పిస్టన్‌కైతే అంతకన్న తక్కువ నలగాలి, లేకపోతే రాపిడికి అరిగిపోతుంది. గాడి వెడల్పు మాత్రం రింగు కన్న ఎక్కువుండాలి. రబ్బరు వంగుతుంది, సాగుతుంది గాని దాని ఘనపరిమాణం తగ్గదు. నలిగిన రబ్బరుకు చోటు కావాలి కదా!

రెండోది రబ్బరు రకం. నైట్రైల్ మామూలు హైడ్రాలిక్ నూనెకు మంచిది, బ్రేక్ ఆయిల్‌కు పనికిరాదు. ఈపీడీఎం సరిగ్గా దీనికి తిరగబడి. నేను చూసిన ఒక ప్లాంటులో ప్రెస్సుకు మూడుసార్లు రింగు మార్చినా నూనె కారింది. విప్పి చూస్తే రింగు ఉబ్బి మెత్తబడింది. స్టోర్లో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపేశారు. అన్నీ నల్లగానే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. పక్కనే వెల్డింగ్ జరుగుతోంది. ఆ నూనె తుంపర అంటుకుంటే ఏమయ్యేదో మీరే ఊహించండి. అందుకే బిగించేదాకా కవరు మీది లేబుల్ చింపకండి.

బిగించేటప్పుడు గాడి అంచుల్లో గరుకు లేకుండా చూడండి. రింగుకు సరిపడే నూనె రాయండి. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. రింగుల్ని మేకుకు వేలాడదీయకండి, ఎండలో పెట్టకండి. ఒత్తిడితో కారే చోటును చేత్తో ఎప్పుడూ తడమకండి. సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

చివరిగా చలి సంగతి. సియాచిన్ చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, నలిగిన చోటునుంచి వెంటనే లేవదు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ స్పేస్ షటిల్ 73 సెకన్లలో కూలి ఏడుగురు పోయింది ఇందువల్లనే. ఆ ఉదయం ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. రాకెట్ జాయింటు రింగుల సందులోంచి మంట వచ్చింది. తర్వాత విచారణలో శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఒక రబ్బరు ముక్కను బిగించి, మంచునీళ్ళలో ముంచి తీసి, అందరి ముందూ చూపించారు.

బాధేమిటంటే, ఈ చలిలో ప్రయోగం వద్దని ఇంజనీర్లు ముందు రాత్రే చెప్పారు. పైవాళ్ళు వినలేదు.

మన ఫౌజ్‌లో జవానుకూ ఆఫీసర్‌కూ మధ్య వంతెన జేసీవో. వర్క్‌షాపులో కుర్రాడు "సాబ్, ఈ రింగు బాగాలేదు" అంటే ముందు బండి ఆపండి. ఆ మాట పైకి చేర్చండి. ఆలస్యమైందని మాటపడితే పడదాం, ప్రాణం పోతే తిరిగి తేలేం.

జై హింద్.