అభ్యర్థిని ఎంచే గదిలో మనమెక్కడ?

(స్త్రీల రాజకీయ భాగస్వామ్యంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన అంశం అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి, దానిపై అక్కడి ఓటర్లకున్న అసంతృప్తి. 'అమెరికా గొడవ మనకెందుకు?' అని పొద్దున టీ దగ్గర ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ స్థిరపడి ఓటు హక్కు పొందిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అసలు కారణం వేరు. ఓటు వేసే హక్కు ఒకటి, ఎవరికి ఓటు వేయాలో నిర్ణయించే అధికారం మరొకటి. మొదటిది మన చేతిలో పెట్టి, రెండోది తన దగ్గరే ఉంచుకోవడం పార్టీలకు అలవాటు. ఈ రెండింటి మధ్య దూరం అమెరికాలో కంటికి కనిపిస్తుంది. ఆ దూరాన్ని కొంతైనా తగ్గించిన పోరాటంలో స్త్రీల పాత్ర చాలా ఉంది. అందుకే ఈ విషయం మనకు కావాలి.

ముందు పద్ధతి ఏమిటో క్లుప్తంగా చెబుతాను. నవంబరులో జరిగే అసలు ఎన్నికకు కొన్ని నెలల ముందు నుంచే ఒక్కో రాష్ట్రంలో ప్రైమరీలు, కాకస్‌లు జరుగుతాయి. ప్రైమరీ అంటే మామూలు పోలింగ్ లాంటిదే. కాకస్ అంటే పార్టీ వాళ్ళంతా ఒకచోట కూడి తేల్చుకునే సమావేశం. రెండింటిలోనూ ప్రజల ఓట్లు నేరుగా అభ్యర్థిని గెలిపించవు. ఓట్ల ప్రకారం డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభకు వెళ్ళే ప్రతినిధులు కేటాయింపబడతారు. మహాసభలో ఆ డెలిగేట్లు వేసే ఓట్లే అభ్యర్థిని నిర్ణయిస్తాయి. ఓటుకూ డెలిగేటుకూ మధ్య ఒక పెద్ద నియమావళి ఉంది. అది రాష్ట్రానికొక రకం, పార్టీకొక రకం. కోపమంతా పుట్టేది అక్కడే.

2016 సంగతి చూడండి. ఆ ఏడాది రెండు పార్టీల ఓటర్లూ ఒకే రకంగా మండిపడ్డారు. న్యూ హాంప్‌షైర్ డెమొక్రటిక్ ప్రైమరీలో బెర్నీ శాండర్స్‌కు 60 శాతం ఓట్లు వచ్చాయి. ఓట్ల ప్రకారం ఆయనకు 15 మంది డెలిగేట్లు, హిల్లరీ క్లింటన్‌కు 9 మంది వచ్చారు. కానీ ఆ పార్టీలో సూపర్ డెలిగేట్లని మరో వర్గం ఉంది. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ కమిటీ సభ్యులు వంటి నాయకులు వీళ్ళు. అప్పట్లో వీళ్ళు ప్రజల తీర్పుతో పనిలేకుండా తమకిష్టమైన వారికి ఓటు వేయవచ్చు. ఆ రాష్ట్రపు సూపర్ డెలిగేట్లలో ఆరుగురు అప్పటికే క్లింటన్ వైపున్నామని ప్రకటించారు. దాంతో లెక్క 15కు 15 అయి కూర్చుంది. గెలిచినవాడూ ఓడినామే సమానం!

జూన్ 7న కాలిఫోర్నియా, న్యూజెర్సీ ఓటు వేయాలి. జూన్ 6 రాత్రే, సూపర్ డెలిగేట్ల మద్దతును కూడా కలిపి లెక్కగట్టి, అభ్యర్థి ఎవరో తేలిపోయిందని వార్త వచ్చేసింది. మర్నాడు వరుసలో నిలబడబోయే మనిషికి ఆ వార్త ఎలా ఉంటుందో ఆలోచించండి. ప్రైమరీ ఓట్లలోనూ చివరికి క్లింటనే ముందున్నారన్నది నిజం. అయినా ఆ చేదు పోలేదు. గెలుపోటముల మాట అటుంచి, మమ్మల్ని అడగకముందే జవాబు రాసేశారన్నదే వాళ్ళ బాధ.

రిపబ్లికన్ల వైపు కొలరాడోలో ఇంకా విచిత్రం. ఆ ఏడాది అక్కడ రాష్ట్రవ్యాప్తంగా అభ్యర్థులపై ఓటింగే పెట్టలేదు. కింది స్థాయి పార్టీ సమావేశాల నుంచి అంచెలంచెలుగా డెలిగేట్లను ఎన్నుకున్నారు. ఆ సమావేశాల పద్ధతి తెలిసి, ముందే మనుషులను సిద్ధం చేసుకున్న టెడ్ క్రూజ్ వర్గానికి ఎన్నికైన 34 మందీ దక్కారు. దేశమంతటా ముందంజలో ఉన్న ట్రంప్‌కు ఒక్కరూ రాలేదు. 'మా ఓటేదీ?' అని జనం వీధిలోకొచ్చారు. న్యూయార్క్‌లో మరో తంటా. ఏప్రిల్‌లో జరిగే ప్రైమరీలో ఓటు వేయడానికి పార్టీ మారాలంటే అంతకుముందు అక్టోబరు లోపే కాగితాలు ఇచ్చుకోవాలి. ఆ గడువు సంగతి చాలామందికి తెలిసేసరికే అది దాటిపోయింది.

ఇన్ని రకాలుగా జరగడానికి మూలం ఒక్కటే. 'పార్టీ మా సంఘం, మా అభ్యర్థిని మేం ఎంచుకుంటాం, బయటివాళ్ళకేం పని?' అన్న వాదన అది. ఏడాది పొడవునా జెండా మోసే కార్యకర్తకు ఒక్కరోజు వచ్చిపోయే ఓటరు కన్నా ఎక్కువ మాట ఉండాలనడంలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఈ వాదన చరిత్ర కూడా మనం చూడాలి. ఒకప్పుడు టెక్సస్‌లో డెమొక్రటిక్ పార్టీ 'మాది ప్రైవేటు సంఘం' అనే చెప్పి నల్లవారిని ప్రైమరీల నుంచి వెలివేసింది. అక్కడ ఆ పార్టీ ప్రైమరీలో గెలవడమంటే పదవి గెలిచినట్టే. 1944లో సుప్రీంకోర్టు స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో ఆ వెలి చెల్లదంది. ప్రైమరీ కూడా ప్రజా ఎన్నికలో భాగమేనని చెప్పింది. నేటికీ చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలు జరిగేది ప్రజల డబ్బుతోనే. ఖర్చు ప్రజలది అయినప్పుడు తీర్పు ఒక్క పార్టీదే ఎలా అవుతుంది?

ఇక స్త్రీల విషయానికి వస్తాను. 1964లో అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ మహాసభ జరిగింది. మిసిసిపీ నుంచి వచ్చిన అధికారిక డెలిగేట్లంతా తెల్లవాళ్ళే. నల్లవారిని పార్టీ సమావేశాల గడప కూడా తొక్కనివ్వకుండా ఎన్నుకున్న బృందం అది. దాన్ని సవాలు చేస్తూ మిసిసిపీ ఫ్రీడం డెమొక్రటిక్ పార్టీ పేరుతో మరో బృందం బయల్దేరింది. అందులో ఫానీ లూ హేమర్ అనే పాలేరు రైతు ఉంది. 1962లో ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళినందుకు ఆమెను ఏళ్ళ తరబడి పనిచేసిన తోట నుంచి వెళ్ళగొట్టారు. 1963లో జైల్లో పెట్టి ఒళ్ళు హూనమయ్యేలా కొట్టించారు. ఇవన్నీ ఆమె మహాసభ కమిటీ ముందు, టీవీ కెమెరాల ఎదుట చెప్పింది. ఆమె మాట్లాడుతుండగానే కెమెరాలు అటు తిరగాలని అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా విలేఖరుల సమావేశం పెట్టాడు. అయినా ఆ సాయంత్రం టీవీలు ఆమె మాటలను దేశమంతా వినిపించాయి.

చివరికి పార్టీ చేసిన రాజీ ఏమిటి? రెండు సీట్లు ఇస్తామంది. ఆ రెండింట్లో ఎవరు కూర్చోవాలో కూడా నాయకులే నిర్ణయించారు. ఇద్దరూ మగవాళ్ళే. హేమర్ బృందం ఆ రాజీని తిరస్కరించింది. మిత్రులారా, మన పేరుతో ఇచ్చే సీటులో ఎవరు కూర్చోవాలో వేరేవాళ్ళు నిర్ణయిస్తే అది ప్రాతినిధ్యం కాదన్న మాట ఆ తిరస్కారంలో ఉంది. 1968 మహాసభ నాటికి ఆ తెల్లవాళ్ళ బృందానికి చోటు దక్కలేదు. హేమర్ డెలిగేటుగా అడుగుపెట్టింది.

అదే 1968లో షికాగోలో ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని హ్యూబర్ట్ హంఫ్రీ అభ్యర్థి అయ్యాడు. బయట యువకులపై లాఠీలు విరిగాయి. ఆ అవమానం తర్వాతనే పార్టీ మెక్‌గవర్న్–ఫ్రేజర్ కమిషన్‌ను వేసింది. ఆ ఏటి డెలిగేట్లలో మూడోవంతుకు పైగా 1968 సంవత్సరం మొదలవకముందే ఖాయమైపోయారని కమిషన్ తేల్చింది. సమావేశాల తేదీ, స్థలం ముందుగా ప్రకటించాలని, స్త్రీలకూ నల్లవారికీ యువతకూ జనాభాకు తగ్గట్టు చోటివ్వాలని నియమాలు పెట్టింది. ఫలితం? 1968లో డెలిగేట్లలో స్త్రీలు 13 శాతం. 1972లో దాదాపు 40 శాతం. నాలుగేళ్ళలో స్త్రీల తెలివి పెరగలేదు, నియమం మారింది!

కానీ అదే 1972లో మరో పాఠం కూడా ఉంది. దక్షిణ కరోలినా బృందంలో స్త్రీలు తక్కువగా ఉన్నారని మహిళా సంఘాలు మహాసభలో సవాలు చేశాయి. మద్దతిస్తానన్న మెక్‌గవర్న్ వర్గమే, మరో రాష్ట్రపు డెలిగేట్ల లెక్క చెడిపోతుందేమోనన్న భయంతో, ఆ ఓటింగులో కావాలని వెనక్కి తగ్గింది. సవాలు వీగిపోయింది. అధ్యక్ష పదవికి పోటీ చేసిన నల్లజాతి స్త్రీ షిర్లీ చిజమ్‌కు ఆ మహాసభలో 152 ఓట్ల చొప్పున వచ్చాయి. ఆమెను గట్టిగా బలపరచడానికి స్త్రీ నాయకురాళ్ళలోనే చాలామంది తటపటాయించారు. మిత్రపక్షాల లెక్కల్లో మొదట కోతపడేది మన సీటుకే. ఈ అనుభవాల మీదుగానే 1980 మహాసభ నాటికి డెలిగేట్లలో స్త్రీ పురుషులు సమానంగా ఉండాలన్న నియమం డెమొక్రటిక్ పార్టీలో వచ్చింది.

2016 నాటి కోపం కూడా వృథా పోలేదు. కొలరాడో ప్రజలు ఆ నవంబరులోనే అధ్యక్ష ప్రైమరీని తిరిగి తెచ్చుకున్నారు. పార్టీలో నమోదు కానివాళ్ళకూ అందులో ఓటుండాలని అదే రోజు తీర్పిచ్చారు. 2018లో డెమొక్రటిక్ పార్టీ సూపర్ డెలిగేట్ల అధికారం తగ్గించింది. ఫలితం ముందే తేలిపోతే తప్ప మొదటి విడత ఓటింగులో వాళ్ళు పాల్గొనరాదంది. న్యూయార్క్ 2019లో పార్టీ మారే గడువును సడలించింది. రాత్రిపూట గంటల తరబడి కూర్చోవలసిన కాకస్‌లను వదిలి చాలా రాష్ట్రాలు ప్రైమరీకి మారాయి. చంటిపిల్లల తల్లి, రాత్రి డ్యూటీ చేసే నర్సు ఆ కాకస్‌లకు ఎలా వెళతారు? అక్కడ హాజరీ చూసి 'ఆడవాళ్ళకు రాజకీయాలు పట్టవు' అనడం ఎంత తేలికో మనకు తెలియనిది కాదు.

అంతా చక్కబడిందని నేననను. 2024లో ప్రైమరీలన్నీ అయిపోయాక, జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. మళ్ళీ ప్రజలను అడిగే వ్యవధి లేదు. ఆగస్టు మొదట్లో డెలిగేట్లే ఆన్‌లైన్‌లో ఓటేసి కమలా హారిస్‌ను అభ్యర్థిని చేశారు. ఓటర్లను అడగలేదన్న విమర్శలో నిజముంది. నిర్ణయం చివరకు డెలిగేట్ల చేతికి వచ్చిపడినప్పుడు, ఆ డెలిగేట్లు ఎవరన్నది ఎంత ముఖ్యమో కూడా అప్పుడే తెలిసింది. ఆ ఓటు వేసినవారిలో సగం స్త్రీలు. అది ఎవరి దయా కాదు, పాత నియమం ఫలితం.

మరి మన దగ్గర? ఇక్కడ ప్రైమరీ అన్న మాటే లేదు. బి-ఫారం ఎవరి చేతికి వస్తుందో నామినేషన్ చివరి గంట దాకా కార్యకర్తలకే తెలియదు. చట్టసభల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకిస్తూ 2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ సీటులో ఏ స్త్రీని నిలబెట్టాలో చెప్పే అధికారం మాత్రం పార్టీలదే. పంచాయితీల్లో పని చేసి, దెబ్బలు తిని, నిలదొక్కుకున్న సర్పంచుకా? లేక నాయకుడి ఇంటి కోడలికా? అట్లాంటిక్ సిటీలో ఇస్తామన్న ఆ రెండు సీట్ల కథ మనకూ వర్తిస్తుంది.

కాబట్టి ఎన్నికలొచ్చాక టికెట్లు రాలేదని ధర్నా చేయడం ఒక్కటే చాలదు. మనం పని చేసే ప్రతి జిల్లాలో ప్రతి పార్టీనీ ఇప్పుడే రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు అడుగుదాం. అభ్యర్థులను ఎంచే కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారు? ఎంచే నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయి? ఆ సమావేశాలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయి? జవాబులొస్తే అచ్చువేద్దాం. రాకపోతే, జవాబివ్వని పార్టీల పేర్లు అచ్చువేద్దాం.