కాన్పు తలరాత కాదు



కాన్పు ఆడదానికి మరో జన్మ అంటారు పెద్దలు. తల్లి పోతే తలరాత అంటారు. కానీ కాన్పులో పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం కాపాడుకోగలిగినవే.

ప్రమాదం ఎవరికి ఎక్కువ?

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు ఎక్కువ. ఆమె ఒళ్లే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. 35 ఏళ్లు దాటిన తల్లికీ ఎక్కువే. మరీ పొట్టిగా ఉన్న తల్లికి బిడ్డ వచ్చే దారి ఇరుకు కావచ్చు. ముందు కాన్పు ఆపరేషన్ అయినా, కవలలున్నా, బిడ్డ అడ్డం తిరిగినా, బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నా జాగ్రత్త పడాలి.

రక్తం తక్కువైతే?

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణానికే ముప్పు. కాన్పులో ప్రతి తల్లికీ కొంత రక్తం పోతుంది. నిండు కుండలోంచి చెంబెడు నీళ్లు తీస్తే ఏమీ కాదు. అడుగున ఉన్న నీళ్లే చెంబెడు అయితే? కుండ ఖాళీ! అందుకే నాలుగో నెల నుంచి రోజూ ఐరన్ మాత్ర మింగాలి. 180 రోజులు మానకూడదు. మలం నల్లగా వస్తుంది, భయం లేదు. టీతో మాత్రం మింగొద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఈ గుర్తులు మరవొద్దు

ముఖం, చేతులు వాయడం. తగ్గని తలనొప్పి. కళ్లు మసకబారడం. ఇవి బి.పి. పెరిగిందనడానికి గుర్తులు. తర్వాత ఫిట్స్ రావచ్చు. దీన్నే కొందరు గుర్రపువాతం అంటారు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. తాయెత్తుకు బి.పి. దిగదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"మొదటి కాన్పు ఇంట్లోనే సుఖంగా అయింది కదా!" అంటుంది అత్త. నిజమే. కానీ ఏ లోపమూ లేని తల్లికి కూడా కాన్పయ్యాక రక్తం ఆగకపోవచ్చు. రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. మొగుడు పొలం నుంచి రావాలి, మామ సరేననాలి, డబ్బు దొరకాలి అంటూ కూచుంటే ఆ రెండు గంటలూ ఇంట్లోనే గడిచిపోతాయి.

కాబట్టి ఏడో నెలలోనే ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవాలి. ఏ ఆసుపత్రి? ఏ బండి? తోడు ఎవరు? రక్తం ఎవరిస్తారు? 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు ఉచితం. 2011 నుంచి ఇది ప్రతి తల్లి హక్కు.

చదువు నేర్చిన అక్కలు ఒక పని చేయాలి. మీ ఇంటి గర్భిణి కార్డు తీసి చదవండి. బి.పి. ఎంత? రక్తం ఎంత? ఆ గడి ఖాళీగా ఉంటే నర్సమ్మను అడగండి. అడగడం తప్పు కాదు. అడగకపోతేనే ముప్పు.