పుల్, ఫుల్, ప్పుల్: యంత్రం చెవితో కొరియన్ వినడం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1986 పదో తరగతి బ్యాచ్. "నువ్వు చేసే పని గురించి ఓ పావుగంట చెప్పు, లెక్కలు మాత్రం తక్కువగా ఉండాలి" అన్నారు కార్యదర్శి గారు. లెక్కలు తక్కువే చెబుతాను. వ్యాకరణం కొంచెం ఎక్కువవుతుంది, తెలుగు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి భయంగానూ ఉంది.

పుట్టు చెవుడు ఉన్నవాళ్ళకీ, మధ్యలో వినికిడి పూర్తిగా పోయినవాళ్ళకీ పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్లలో, శబ్దాన్ని విడగొట్టి విద్యుత్తుగా మార్చే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. అందులో మూడేళ్ళు దక్షిణ కొరియాలో, సియోల్‌లో పనిచేశాను. ఇవాళ చెప్పేది అక్కడి సంగతే.

చెవికి పెట్టుకునే మామూలు మిషన్ శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకే పంపిస్తుంది. లోపల వినే కణాలే పోయినప్పుడు ఎంత పెద్దది చేసినా లాభం లేదు. ఇంప్లాంట్ ఆ కణాల జోలికి పోకుండా నేరుగా నాడికి విద్యుత్తు అందిస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అది ఒకరకంగా హార్మోనియం లాంటిది: మొదట్లో కీచు స్వరాలు, లోపలికి పోయేకొద్దీ మంద్ర స్వరాలు. దేవుడిచ్చిన హార్మోనియంలో వినే కణాలు దాదాపు 3,500. మేము పెట్టేది సన్నటి తీగ, దాని మీద 12 గాని, 16 గాని, 22 గాని ఎలక్ట్రోడ్లు. అంటే 3,500 మెట్ల వాయిద్యం మీద వాయించాల్సిన పాటను 22 మెట్ల మీద వాయించాలి. అయినా మాట అర్థమవుతోంది అంటే ఆ గొప్పతనం సగం మెదడుదే.

మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం ఇలా చాలా ఎలక్ట్రోడ్లున్న యంత్రాన్ని మొదటిసారి 1978లో ఒక మనిషికి అమర్చింది. 1985లో అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్ళకు అనుమతిచ్చింది. కొరియాకు 1988లో వచ్చింది. 2005 నుంచి అక్కడి జాతీయ ఆరోగ్య బీమా ఖర్చు భరించడంతో మామూలు కుటుంబాల పిల్లలకు కూడా అందింది.

ఆపరేషన్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. దాన్ని మ్యాపింగ్ అంటారు. ఒక్కో ఎలక్ట్రోడ్ మీద ఎంత కరెంటు ఇస్తే సన్నగా వినపడటం మొదలవుతుంది, ఎంత ఇస్తే హాయిగా గట్టిగా ఉంటుంది, ఏ ఎలక్ట్రోడ్‌కి ఏ స్వరాలు కేటాయించాలి, సెకనుకు ఎన్ని పల్సులు పంపాలి అని ఆడియాలజిస్ట్ కూర్చుని సరిచేస్తారు. నేను బాగా ఎరిగిన 22 ఎలక్ట్రోడ్ల యంత్రంలో పెట్టెతో పాటు వచ్చే పట్టిక 188 హెర్ట్జ్ దగ్గర మొదలై 7,938 దగ్గర ముగుస్తుంది. మొదటి మెట్టు 188 నుంచి 313 దాకా, రెండోది 313 నుంచి 438 దాకా. పైకి పోయేకొద్దీ మెట్లు వెడల్పవుతాయి, చివరిది ఏకంగా వెయ్యి హెర్ట్జ్. ఆ క్షణాన గట్టిగా ఉన్న 8 మెట్లను మాత్రమే ఎంచి, ఒక్కోదానికి సెకనుకు 900 పల్సులు పంపుతుంది. ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళతో పరీక్షించి ఖాయం చేసిన అంకెలివి. మంచి అంకెలే. కానీ కొరియన్ ఇంగ్లీషు కాదు.

ఇప్పుడు వ్యాకరణం. మనకి త, థ, ద, ధ నాలుగున్నాయి. కొరియన్‌లో ప్రతి వర్గానికీ మూడే. అవి మన పద్ధతిలో విడిపోవు, మాట మొదట్లో మూడూ పరుషాలే. నిప్పుకి ‘పుల్’, గడ్డికి ‘ఫుల్’, కొమ్ముకి ‘ప్పుల్’ అంటారు. ఇక్కడ ఫ అంటే మాస్టారు ఒత్తి పలికించిన అసలు మహాప్రాణం, ఫోన్‌లో ఫ కాదు. మొదటిది మెత్తగా, రెండోది గాలి వదిలి, మూడోది గొంతు బిగించి. 1446లో సేజోంగ్ రాజు ప్రకటించిన లిపిలో ఈ మూడూ చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. కంటికి ఇబ్బంది లేదు.

చెవికే ఇబ్బంది. సియోల్‌లో దాదాపు 1960ల తర్వాత పుట్టినవాళ్ళ మాటలో ‘పుల్’కీ ‘ఫుల్’కీ మధ్య గాలి తేడా చెరిగిపోతూ వచ్చింది. ఈ మార్పులో ఆడవాళ్ళు ముందున్నారు. ఇప్పుడు ఆ రెంటినీ విడదీసేది ముఖ్యంగా తర్వాతి అచ్చు స్థాయి: ‘పుల్’ కింది స్థాయిలో మొదలవుతుంది, ‘ఫుల్’ పై స్థాయిలో. వాళ్ళు స్కూల్లో నేర్చుకుని మార్చింది కాదు, ఒకటి రెండు తరాల్లో భాషే అలా జరిగింది. తమాషా ఏమిటంటే, సేజోంగ్ కాలంలో కొరియన్‌కి స్వరభేదాలుండేవి, అక్షరం పక్కన చుక్కలు పెట్టి చూపేవారు. సియోల్ మాటలో అవి పోయాయి. బూసాన్ వైపు యాసలో ఇప్పటికీ పదానికి స్వరం ఉంది. కాబట్టి కొరియన్ కోసం సరిచేశాం అని ఒక్క మాటలో అనలేం. ఏ ఊరి కొరియన్, ఏ వయసు కొరియన్ అని అడగాలి.

ఇంప్లాంట్ అన్నిటికంటే బలహీనంగా చెప్పేది ఈ గొంతు స్థాయినే. ఒక యువతి ‘పుల్’ 200 హెర్ట్జ్ దగ్గర, ‘ఫుల్’ 250 దగ్గర ఎత్తుకుంది అనుకోండి. పట్టిక చూడండి, రెండూ మొదటి మెట్టులోనే పడ్డాయి. మెట్టు మారలేదు కాబట్టి ఆ దారిన తేడా తెలియదు. రెండో దారి ఉంది: పల్సుల బలం గొంతు లయతో పాటు హెచ్చుతగ్గులవుతుంది, ఆ లయను నాడి కొంత పట్టుకుంటుంది. అయితే ఒక లయను నమ్మకంగా చూపాలంటే పల్సులు దానికి సుమారు నాలుగింతలు ఉండాలన్నది మా రంగంలో వాడుక లెక్క. 900ని నాలుగుతో భాగిస్తే 225. మగ గొంతు హాయిగా దాని కిందే ఉంటుంది. ఆడ గొంతు దాటిపోతుంది. అంటే లెక్క ప్రకారం ఇంప్లాంట్ ఉన్న పిల్లకి అన్నిటికంటే కష్టమైన కొరియన్ వయసులో చిన్నదైన టీచరమ్మది. అక్కడ ప్రాథమిక పాఠశాలల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే.

రెండో చిక్కు మాట చివర. మన తెలుగు అజంత భాష, అచ్చుతో తెరుచుకుని ముగుస్తుంది. కొరియన్ మాట చాలాసార్లు మూసుకుని ముగుస్తుంది. అన్నం ‘పప్’, మెట్ట చేను ‘పత్’, సొరకాయ ‘పక్’. చివరి ప్, త్, క్ పెదవి దగ్గరో నాలుక దగ్గరో ఆగిపోతాయంతే, ఇంగ్లీషులో కొన్నిసార్లు వినిపించే ఆ చిన్న టప్పుమనే చప్పుడు ఉండదు. మూడింటికీ తేడా అంతా ‘అ’ అనే అచ్చు ముగిసే ముందు దాని రంగు ఎటు వంగింది అన్న దాంట్లో ఉంటుంది. అది సెకనులో కొన్ని వందోవంతుల పని, సుమారు 1,000 నుంచి 2,500 హెర్ట్జ్ మధ్య జరుగుతుంది. నేను ఆరు నెలలు ఆ మూడింటిని హోటల్లో చెప్పి నవ్వులపాలయ్యాను. పుట్టి పెరిగిన నా చెవికే అలా ఉంటే 22 మెట్ల చెవి సంగతి చూడండి.

ఆఖరి మాట దాకా ఏం చేయొచ్చో ఒక పిల్ల విషయంలో దగ్గరుండి చూశాను. రెండో తరగతి. ఒక చెవికి ఇంప్లాంట్, రెండో చెవిలో మంద్ర స్వరాలకు కొద్దిపాటి వినికిడి మిగిలి ఉంది. మనకి ఉక్తలేఖనం ఉన్నట్టే అక్కడా ఉంది, దాన్ని పదస్సుగి అంటారు. ఆ పిల్లకి పదికి నాలుగు, మూడు. పుస్తకంలో ఎర్ర సిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి ఉంది. వాళ్ళమ్మ ఆ పుస్తకం పట్టుకొచ్చి బల్ల మీద పడేసింది. నిశ్శబ్దపు గదిలో బీప్ శబ్దాల పరీక్ష పెడితే అన్నీ బాగానే వినిపిస్తున్నాయి. ఆడియాలజిస్ట్ ఆ పరీక్ష కాగితం పక్కన పెట్టి, పుస్తకంలో తప్పులను కుప్పలు వేసింది. చెప్పినది ఒకవైపు, రాసినది ఒకవైపు. చివరి ప్‌కి క్, న్‌కి ఙ్ ఒక కుప్ప. మొదటి మెత్తని పకి గాలి ప ఇంకో కుప్ప. బిగించిన ప దాదాపు ఎక్కడా తప్పలేదు. ‘శ్రద్ధ లేని’ పిల్ల తప్పులు ఇంత క్రమంగా ఉండవు కదా.

మొదట మధ్య ఎలక్ట్రోడ్లలో సన్నటి శబ్దాల హద్దు పెంచారు, మాట తోక వినపడాలని. గట్టి శబ్దం రాగానే అంతా తగ్గించి నెమ్మదిగా కోలుకునే అమరికను తరగతి కోసం మార్చారు. అచ్చు గట్టిగా వచ్చి వెంటనే చిన్న తోక వచ్చే భాషకి ఆ అమరిక మంచిది కాదు. తర్వాత పట్టిక. కొరియన్ మాటలో ఎత్తైన స్వరాల బలం ఇంగ్లీషు కంటే తక్కువని అక్కడి పరిశోధకులు కొలిచి చూపారు. అందుకని పై హద్దు కొంచెం దించి, 3,000 లోపు ఎక్కువ మెట్లు వచ్చేలా చేశారు. మరీ దించితే ‘స’ పోతుంది, అది వేరే గొడవ. పట్టిక మార్చిన మొదటి రెండు వారాలు మార్కులు ఇంకా తగ్గాయి. ఇది ఎప్పుడూ జరిగేదే, మెదడు కొత్త హార్మోనియానికి అలవాటు పడాలి. చాలామంది ఇక్కడే భయపడి పాత పట్టికకి వెళ్ళిపోతారు. వాళ్ళమ్మ ఆగింది. మూడో నెలకి ‘పప్’, ‘పక్’ తప్పులు సగానికి పైగా తగ్గాయి.

‘పుల్’, ‘ఫుల్’ మాత్రం కదల్లేదు. పల్సులు 900 నుంచి పెంచి చూశారు. కొందరికి అది ఉపయోగపడుతుంది, ఈ పిల్ల గరగరమంటోందని వద్దంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోయింది. చివరికి పనికొచ్చింది బీరువాలో పడేసిన పాత చెవి మిషన్. ఆపరేషన్ అయ్యాక ఇక అవసరం లేదని రెండో చెవికి పెట్టడం మానేశారు. ఆ చెవికి మాటలు అర్థం కావు గానీ గొంతు ఎత్తు, దించు తెలుస్తాయి. ఇంప్లాంట్ చెప్పలేనిది అదే. రెండూ కలిపి పెట్టాక నెమ్మదిగా దారికొచ్చింది. కొత్త ప్రోగ్రాము రాసే ఇంజినీరుగా నాకిది కొంచెం మింగుడుపడని విషయమే, కానీ నిజం అదే.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక మన వైపు కూడా ఎందరో పిల్లలకు ఇంప్లాంట్లు పెట్టారు. వాళ్ళు ఇవాళ మీ తరగతుల్లో ఉన్నారు. తెలుగుకి ఇంప్లాంట్‌తో కొన్ని సుఖాలున్నాయి: ‘అటు’, ‘అట్టు’ తేడా, ‘పలు’, ‘పాలు’ తేడా నిడివిది, నిడివిని యంత్రం బాగా చెబుతుంది. ‘కోతి’, ‘కోటి’ తేడా, ‘కల’, ‘కళ’ తేడా స్వరాల రంగుది, అక్కడ పట్టిక పని పడుతుంది. గొంతు స్థాయితో మాటకి అర్థం మారదు కాబట్టి కొరియన్ మొదటి చిక్కు మనకి లేదు. మరి అక్కడి పట్టిక తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందా అంటే సరిపోదు.

అలాంటి పిల్ల మీ తరగతిలో ఉంటే ఉక్తలేఖనంలో తప్పు కొట్టేసి మార్కు వేసి వదిలేయకండి. మీరు చెప్పిన మాట, తను రాసిన మాట పక్కపక్కన ఒక కాగితం మీద రాయండి, ఎవరు చదివి చెప్పారో కూడా రాయండి. ఒక్క ముప్ఫై మాటలు చాలు. ఆ కాగితం తల్లి చేతికిచ్చి, మ్యాపింగ్‌కి వెళ్ళినప్పుడు చూపించమనండి. సౌండ్‌ప్రూఫ్ గదిలో దొరకని సమాచారం అందులో ఉంటుంది.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. కాగితం ఎలా ఉండాలో నమూనా ఒకటి తెచ్చాను, భోజనాల దగ్గర కావలసినవారు అడిగి తీసుకోండి.