దానానికి పద్దు రాసిన పునీతుడు



పునీత విన్సెంట్ డి పాల్ అనగానే చేతుల్లో పసిబిడ్డతో నిలబడ్డ నల్లంగీ గురువు బొమ్మ చాలామందికి కళ్లముందు మెదులుతుంది. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. అయితే జాలిపడినవారు ఆయనకు ముందూ ఉన్నారు. ఆ జాలికి వంతులు, నియమాలు, జమాఖర్చులు ఏర్పరచడంలోనే ఆయన ప్రతిభ కనిపిస్తుంది.

విన్సెంట్ 1581లో ఫ్రాన్స్‌లో, గాస్కనీ ప్రాంతంలోని పూయ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు పశువులు కాశారు. 1600లో గురువయ్యారు. అప్పట్లో ఆయన ఆశ మంచి రాబడి ఉన్న పదవి దొరికితే ఇంటివాళ్లను ఆదుకోవాలనే.

1617 ఆగస్టులో షటియాన్ అనే చిన్న ఊరికి విచారణ (పారిష్) గురువుగా వచ్చారు. ఒక ఆదివారం పూజకు సిద్ధమవుతుండగా కబురొచ్చింది: ఊరి బయట ఒక ఇంట్లో అందరూ మంచం పట్టారు, చూసే దిక్కు లేదు. ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. మధ్యాహ్నం దాటాక తానూ బయల్దేరితే దారి పొడవునా ఆడవాళ్లే. కొందరు వెళ్తున్నారు, కొందరు తిరిగొస్తున్నారు, కొందరు ఎండకు తాళలేక దారి పక్కన కూలబడ్డారు. ఆ ఇంటికి చేరిన తిండి ఒక్కరోజులో తినగలిగింది కాదు. మిగిలింది పాడవుతుంది, తర్వాత మళ్లీ పస్తులే. ఆ ఊళ్లో దయకు లోటు లేదు, వరుసే లేదు. విన్సెంట్ పట్టుకున్న విషయం ఇదే.

కొద్దిరోజుల్లోనే కొందరు స్త్రీలతో సంఘం కట్టారు. ఆ ఏడాది చివరికల్లా దానికి నియమావళి సిద్ధమైంది. వంట, వడ్డన రోజుకొకరి వంతు. డబ్బుకు కోశాధికారిణి ఉండాలి, లెక్క అప్పజెప్పాలి. రోగిని నవ్వుతూ పలకరించాలి, చేతులు కడిగించాలి, మంచం మీద గుడ్డ పరిచి గిన్నె, చెంచా అమర్చాలి. తోడున్న రోగుల దగ్గరికి ముందు వెళ్లి, ఒంటరివాళ్లను చివరికి ఉంచుకోవాలని కూడా రాశారు. వాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చని! పేదరికం గురించి ఎన్ని గ్రంథాలు వచ్చినా, ఈ ఒక్క నియమంలో ఉన్నంత మనసు అరుదుగా కనిపిస్తుంది.

తర్వాత పారిస్‌లోనూ ఇలాంటి సంఘాలు కట్టారు గాని, అక్కడి చిక్కు వేరు. అక్కడి గొప్పింటి స్త్రీలు డబ్బిచ్చేవారు గాని, రోగి దగ్గరికి పనివాళ్లను పంపేవారు. అప్పుడు ముందుకొచ్చింది మార్గరీత్ నజో. ఆవులు కాసిన పల్లెటూరి పిల్ల. దారిన పోయేవాళ్లను అడిగి అడిగి చదువు నేర్చుకుంది. ప్లేగు సోకిన మనిషికి తన పక్క మీదే చోటిచ్చి, 1633లో ఆ జబ్బుతోనే కన్నుమూసింది. అదే ఏడాది నవంబరు 29న ఇలాంటి అమ్మాయిలను విధవరాలు లూయీజ్ ద మరియాక్ తన ఇంట చేర్చుకుంది. అలా 'డాటర్స్ ఆఫ్ ఛారిటీ' పుట్టింది. ఆనాటి మఠకన్యలు గోడలు దాటి రాకూడదు. వీధుల్లో తిరిగి సేవ చేయాలి గనుక వీరిని మఠకన్యలుగా లెక్కించకుండా విన్సెంట్ జాగ్రత్తపడ్డారు. వీరి మాటపట్టు నేటికీ ఏడాదికొకసారి కొత్తగా ఇచ్చేదే.

పారిస్‌లో వదిలేసిన పసికందుల విషయంలోనూ చేతికి అందినంతతోనే మొదలుపెట్టారు. 1638లో చీటీలు వేసి కొందరిని తీసుకున్నారు. రెండేళ్లకు అందరి భారం మీద వేసుకున్నారు. ఆ చీటీల మాట తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ అందరినీ తీసుకునే దాకా ఆగి ఉంటే ఆ కొందరూ దక్కేవారు కారు.

1660 సెప్టెంబరు 27న విన్సెంట్ మరణించారు. 1737లో పునీతుడిగా ప్రకటించారు. 1833లో పారిస్ విద్యార్థి ఫ్రెడెరిక్ ఓజనాం, అతని మిత్రులు పేదల ఇళ్లకు వెళ్లాలనుకుని, ఎలా వెళ్లాలో నేర్చుకోవడానికి ఆశ్రయించింది డాటర్స్ ఆఫ్ ఛారిటీకి చెందిన సిస్టర్ రోజలీ రాందూనే. వాళ్లు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సంఘం శాఖలు ఇప్పుడు తెలుగు విచారణల్లోనూ ఉన్నాయి. సభ్యులు తమలో తాము చందా వేసుకుంటారు, పేదల ఇళ్లకు స్వయంగా వెళ్తారు.