కాలిన గాయము – చేపనూనె – అన్నము
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము వినవలసిన పండుగపూట కాలిన గాయముల మాట యెత్తుట కొందరికి అప్రియముగా తోచవచ్చును. కాని వేపపువ్వు లేని ఉగాది పచ్చడి లేదు గదా! మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను ప్యాసై, రైల్వేలో గుమాస్తాగిరి చేసికొనువారము. మా యింట జరిగిన ఒక సంగతి వలన డాక్టర్లను అడిగి, చదివి గ్రహించినది మీ ముందుంచుచున్నాము.

మనవారు ఈ సీమకు నిన్న మొన్న వచ్చినవారు కారు. 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధురను ఏలిన నాటినుండి తెలుగు కుటుంబములు ఇక్కడ వేళ్లు పాతుకొన్నవి. కోయంబత్తూరు చుట్టు నల్లరేగడిలో ప్రత్తి పండించిరి, మిల్లులు నిలిపిరి. మావంటివారము ఉద్యోగములకై తరువాత వచ్చితిమి. ఎవరము ఎప్పుడు వచ్చినను నిప్పు అందరికిని ఒక్కటే. మధురకు దక్షిణమున ఉన్న శివకాశి ప్రాంతమున 2012 సెప్టెంబరు 5న ఒక బాణసంచా కర్మాగారము పేలి ముప్పదిమందికి పైగా మరణించిరి. గాయపడినవారిని మధుర ఆసుపత్రులకును తెచ్చిరి. నాటి దినము ఈ ఊరివారు మరువలేరు.

ఇక మా సంగతి. కొన్నేండ్ల క్రిందట మా వదినగారి చీరకొంగుకు పొయ్యి మంట అంటుకొని రెండు చేతులు, రొమ్ము కాలినవి. ఆసుపత్రిలో గుడ్లు, పాలు, పప్పు బాగుగా పెట్టుడని చెప్పిరి. మా పెద్దమ్మ ఒప్పుకొనలేదు. "పప్పు పెడితే పుండు చీము పడుతుందిరా అబ్బాయ్, గుడ్డు అరగదు, గంజి చాలు" అన్నది. ఆమె ప్రేమకు లోటు లేదు. ఆమె పెద్దలు చెప్పినదే ఆమె చెప్పినది. మేమో, చదువుకొన్నవారమను గర్వముతో, చేపనూనె గాయములను మాన్పునని ఎక్కడనో విని, డాక్టరును అడుగకయే ఒక పెద్ద సీసాడు మాత్రలు కొనితెచ్చితిమి. పది దినములు గంజి, మాత్రలు. తొడనుండి తీసి అతికిన చర్మము పట్టలేదు. మనిషి చిక్కి సగమైనది. అప్పుడు డాక్టరుగారు మమ్ము పిలిచి, "మందు మేమిస్తాము, కొత్త చర్మం మాత్రం మీ వంటింట్లోనుంచే రావాలి" అన్నారు. ఆ మాట మమ్ము సిగ్గుపడజేసినది.

కారణము వినుడు. పెద్దగా కాలిన దేహము పూర్వపు ఆవిరి యింజను వంటిది. రాత్రింబవళ్లు మండుచునే యుండును. గాయము చాల పెద్దదైనచో దేహపు ఖర్చు మామూలుకు ఇంచుమించు రెట్టింపు కావచ్చును. ఇది నెలల తరబడి సాగును. బొగ్గు వేయకున్న యింజను ఆగిపోవును. దేహము ఆగదు; తన కండనే కాల్చుకొనును. ఆరోగ్యవంతునికి దినమునకు కిలో బరువుకు సుమారు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలగా, పెద్దగా కాలినవానికి 1.5 నుండి 2 గ్రాములు కావలెనందురు. అరువది కిలోల మనిషికి 90 నుండి 120 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండునది ఆరు గ్రాములే. గంజిలో ఎంత ఉండునో మీరే ఊహించుడు. అందుకే పెద్ద గాయమైనచో మొదటి 12 గంటలలోనే గొట్టముద్వారానైనను ఆహార మారంభింతురు.

మరి చేపనూనె మాట? అది వట్టి మాట కాదు. మనము వాడు పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలలోని లినోలియిక్ ఆమ్లమునుండి దేహము వాపును పెంచు పదార్థములను చేసికొనును. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులనుండి పుట్టునవి అంత తీవ్రమైనవి కావు. 1986లో అమెరికాలోని సిన్సినాటిలో అలెగ్జాండర్ అను శస్త్రవైద్యుడు, ఆయన తోటివారును కాలిన గినీపందులకు వేర్వేరు కొవ్వులు పెట్టి చూడగా, చేపనూనె తిన్నవి మేలుగా నుండెను. 1990లో అక్కడివారే రోగులకు చేపనూనె కలిపిన ప్రత్యేకాహార మిచ్చిరి. గాయములు చీము పట్టుట తగ్గినది. కాని అందులో కొవ్వు తక్కువ, విటమినులు, జింకు మొదలగునవి ఎక్కువ. మేలు దేనివలన కలిగినదో విడదీసి చెప్పలేము. 1995లో మాంట్రియల్ వైద్యులు విడదీసి చూచిరి. కొవ్వు తగ్గించిన ఆహారమువలన ఊపిరితిత్తుల జబ్బులు తగ్గినవి. దానికి చేపనూనె చేర్చినందున అదనపు లాభము కనబడలేదు. నేటికిని చేపనూనె అందరికి తప్పనిసరి అని తేలలేదు. మొత్తము శక్తిలో కొవ్వునుండి వచ్చునది నూటికి 35 పాళ్లు మించరాదనునది మాత్రము ఐరోపా నిపుణుల సలహా.

కనుక సోదరీమణులారా, మేము కొన్న సీసా దండుగ. దానికంటె నాలుగు గుడ్లు మేలు. ఇంటికి వచ్చిన పిదప డాక్టరు అనుమతించినచో చేపల పులుసు పెట్టుడు. ఇక్కడివారు మత్తి, చాళై అనునది, మన కోస్తావారు కవళ్లు అనునది చవుకైన చేప. ఒమేగా-3 అందులో సమృద్ధి. శాకాహారులకు పాలు, పెరుగు, పనీరు, పప్పు, సోయా కలవు. అవిసెగింజలలోను ఒకరకపు ఒమేగా-3 కలదుగాని, చేపలలోని రకముగా దేహము మార్చుకొనునది కొంచెమే. రక్తము పలుచనగుటకు మందులు వాడువారు చేపనూనె మాత్రలు తమంత తాము మ్రింగరాదు. ఏ నూనెయైనను కాలినచోట పూయవద్దు. కాలిన వెంటనే ఇరువది నిమిషములు ధారగా చన్నీళ్లు పోయుడు; సిరా, పసుపు, పేస్టు వద్దు. ఆసుపత్రికి తీసికొనిపొండు.

మా వదినగారికి రెండవసారి అతికిన చర్మము పట్టినది. దినమునకు ఆరుమారులు ఆమెకు తినిపించినది ఎవరనుకొన్నారు? మా పెద్దమ్మయే. నిన్న ఆమె నూరిన ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏరినది ఆ వదినగారి చేతులే.

మీ యందరి యిండ్లలో పొయ్యి వంటకే వెలుగుగాక.