పరదోషవిచారము



అమరకోశమున దోషజ్ఞశబ్దము విద్వాంసుని పేళ్లలో నొకటి. ఆ శబ్దమే వైద్యునకును చెల్లును. దోషమెఱుంగుట తప్పు కాదు. ఎఱిఁగి మాన్పుదుమా, వెలివేయుదుమా యనునదే ప్రశ్న.

1881వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపింపఁగా, పెండ్లికి వచ్చినవారిని సైతము పెద్దలు వెలివేసిరి. నేఁడు దోషులుగాఁ దోఁచువా రా తీర్పరులే.

మేమును తీర్పరులమే. నిత్యము ఆలస్యముగా వచ్చు నొక బాలుని సోమరి యని బెత్తముతోఁ గొట్టితిమి. మంచముపట్టిన తల్లికి గంజి కాచి పోసి వాఁడు వచ్చుచుండెనని పిదపఁ దెలిసినది. అడిగియుండిన మొదటిదినముననే తెలిసియుండెడిది.

కావున బాంధవులారా, ఈ సభకు ఒకరిపై ఫిర్యాదు వచ్చినపుడు ముందు వారి యింటికిఁ బోయి యడుగుఁడు. తీర్పు పిదపఁ జెప్పుఁడు.